దాటొద్దుగారు

కతోలికులు బైబిలు చదవరని లోకంలో ఒక అభిప్రాయం ఉంది. దాన్ని అద్దాల బీరువాలో పెట్టి, ఇంటికి రంగులు వేయించినప్పుడు మాత్రం బయటికి తీసి దుమ్ము దులిపి, మళ్ళీ అక్కడే పెడతారనీ, లోపల ఏముందో తెలుసుకునే బాధ్యత ఫాదరుగారికి అప్పగించి నిశ్చింతగా ఉంటారనీ అంటారు. ఈ మాటను ఇతరులకంటే కతోలికులే ఎక్కువ ఇష్టంగా చెప్పుకోవడం నేను గమనించాను. కళాశాలలో తత్వశాస్త్రం బోధించే వృత్తివల్ల, నలుగురూ ఒప్పుకున్న మాట వినగానే అనుమానించడం నాకు అలవాటు. దీన్ని కూడా పరీక్షకు పెట్టాను. పరీక్షకు దొరికిన మనిషి మా అక్క భర్త. ఆయనతో చిక్కు బైబిలు చదవకపోవడం కాదు, చదవడం ఆపకపోవడం. ఎవరైనా ఒక్క వాక్యం విడిచి ముందుకు వెళితే ఆయన భరించలేడు. రైలు గేటు దగ్గర కాపలాదారులా చెయ్యెత్తి, "దాటొద్దు, దాటొద్దు!" అని ఆపేస్తాడు. అందువల్ల మా విచారణలో, అంటే మా గుడికి చెందిన కుటుంబాలన్నిటిలో, ఆయన అసలు పేరు జ్ఞానస్నానపు రిజిస్టరులో తప్ప ఎక్కడా మిగల్లేదు. అందరికీ ఆయన దాటొద్దుగారు.

వృత్తిరీత్యా ఆయన కట్టుడు పళ్ళు తయారుచేస్తాడు. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చులు తీసి పంపితే, వాటిలో ప్లాస్టరు పోసి దవడలు చేసి, మైనంతో చిగుళ్ళు మలిచి, ఒక్కొక్క పన్నూ నిలబెడతాడు. ఆయన పనిగదిలో గోడల పొడవునా అరలు, అరల నిండా తెల్లటి దవడలు. కొత్తగా వచ్చినవాళ్ళు గుమ్మంలోనే జంకుతారు. ఊరు ఊరంతా నోరు తెరిచి ఏదో అడగబోయి ఆగిపోయినట్టు ఉంటుంది ఆ గది.

ఒకసారి నేను వెళ్ళేసరికి ఆయన స్పిరిటు దీపం మీద చిన్న కత్తి వేడిచేస్తున్నాడు. "ఏమోయ్ తత్వం, ఇలా రా. ఇది చూడు" అని ఒక దవడ నా చేతిలో పెట్టాడు.

"ఏముంది ఇందులో?"

"ఇక్కడ పన్ను లేదు, చూశావా? ఒక్కటే కదా పోయిందని ఆ మనిషి ఊరుకున్నాడు. ఏమైంది? అటుదీ ఇటుదీ ఖాళీలోకి వాలిపోయాయి. పైపన్ను కిందికి దిగింది. ఇప్పుడు నోరు మూస్తే ఏ పన్నూ దాని జోడీని కలవదు."

"పాపం. అయితే?"

"బైబిలు వచనం కూడా అంతేనోయ్. ఒకటి తీసేస్తే పక్కవి వాలతాయి. అలా వాలినవాటితో నములుతూ, దేవుడి మాట రుచిగా లేదంటారు."

"పోలిక బాగుంది బావా. కానీ పోలిక బాగున్నంత మాత్రాన వాదం నిలబడదు."

"నిలబడకపోతే సిమెంటు పెడతాం" అని దవడ నా చేతిలోంచి లాక్కున్నాడు.

ఇంట్లో ఈ అలవాటును భరించవలసింది మా అక్క. ఆమె ఏ సంగతి చెప్పినా ఆయనకు అది ఏదో పెద్ద గ్రంథంలోంచి చింపిన కాగితం ముక్కలాగే తోస్తుంది. ఒకరోజు ఆమె మొహం ఎర్రగా చేసుకుని వచ్చింది.

"పక్కింటావిడ నన్ను పట్టుకుని పొగరుబోతుదాన్నంది!"

"దానికి ముందు నువ్వేమన్నావు?"

"నేనేమన్నానో ఇప్పుడెందుకండీ? ఆవిడ అన్నది వినండి."

"దాటొద్దు. మొదట్నించి చెప్పు."

"మొదట్లో ఏముంది, వాళ్ళమ్మాయి పాట బాగుందన్నాను."

"దానికి ముందు?"

అక్క కొంగు సర్దుకుంది. "పాడేది అమ్మాయని తెలిసేదాకా పిల్లి అరుస్తోందనుకున్నానన్నాను."

"ఆఁ. ఇప్పుడు భాగం పూర్తయింది."

"మీరు మొగుడా, ప్లీడరా?" అని అక్క వంటింట్లోకి వెళ్ళిపోయింది. అయినా మర్నాడు పక్కింటావిడకు క్షమాపణ చెప్పి వచ్చింది. ఆవిడకు మొత్తం భాగం చెప్పిందో, సగమే చెప్పిందో మా బావ అడిగి తెలుసుకున్నాడు కూడా.

ఈ అలవాటు ఇంటికే పరిమితమై ఉంటే చిక్కు లేకపోయేది. ఆయన ఆదివారం పూజలో మొదటి పఠనం చదివే మనిషి కావడంతో వ్యవహారం ముదిరింది. పూజలో ఏ ఆదివారం ఏ భాగం చదవాలన్నది ఫాదరుగారి ఇష్టం కాదు. శ్రీసభ, అంటే మొత్తం కతోలిక సంఘం, ముందుగానే నిర్ణయించి, పఠన గ్రంథమని వేరుగా అచ్చువేయిస్తుంది. భాగం మరీ పొడవైతే నడుమ కొన్ని వచనాలు విడిచిపెడతారు. పైన వేసిన వచనాల అంకెల మధ్య చిన్న కామా ఒక్కటే ఆ సంగతి చెబుతుంది. చదివేవాళ్ళెవరూ ఆ కామాను పట్టించుకోరు. మా బావకు అది మూత లేని మ్యాన్‌హోలు.

ఒక ఆదివారం, చెరనుంచి తిరిగివచ్చిన ప్రజలకు ఎజ్రా ధర్మశాస్త్రం చదివి వినిపించే ఘట్టం వచ్చింది. ఎజ్రాకు కుడిపక్కన నిలబడినవాళ్ళెవరో, ఎడమపక్కన ఎవరో, జనం మధ్య తిరుగుతూ అర్థం విడమరచి చెప్పినవాళ్ళెవరో అసలు గ్రంథంలో పేరుపేరునా ఉంది. పఠన గ్రంథంలో ఆ పేర్లు తీసేశారు. మా బావ తన బైబిలును దాని మధ్యలో పెట్టుకుని పీఠం ఎక్కాడు. మత్తిత్యా అన్నాడు, షెమా అన్నాడు, అనాయా అన్నాడు. ఒక్కొక్క పేరు దగ్గరా ఆగి, ఆ మనిషి గుడిలోకి వచ్చి కూర్చునేంత వ్యవధి ఇచ్చి, తరువాతి పేరుకు వెళ్ళాడు. పసిపిల్లలు ఏడుపు మొదలుపెట్టి, ఏడ్చి, అలిసిపోయి నిద్రపోయారు. ఎట్టకేలకు ఆయన "ఇది ప్రభువు వాక్కు" అనగానే జనమంతా "దేవునికి కృతజ్ఞతలు" అన్నారు. ఆ జవాబును అంత హృదయపూర్వకంగా మా గుడిలో నేను అంతకు ముందెన్నడూ వినలేదు.

పూజ అయ్యాక ఫాదరుగారు ఆయన్ను పక్కగదికి పిలిచారు. ఆయనతోపాటు నేనూ వెళ్ళాను. ఫాదరుగారు మా బావకంటే చిన్నవాడు, బైబిలు శాస్త్రంలో పై చదువు చదివినవాడు, కోపాన్ని కూడా మర్యాదగా మడిచి పెట్టుకునే మనిషి.

"ఏంటండీ ఇవాళ?"

"ఫాదర్, ఆ రోజు జనానికి అర్థం చెప్పినవాళ్ళు వాళ్ళే. వాళ్ళ పేర్లే దాటేస్తే ఎలా?"

"వాళ్ళు అర్థం చెప్పారు. మీరు పేర్లు చెప్పారు. తేడా ఉంది కదా?"

"గ్రంథంలో ఉన్నాయి కదా ఫాదర్..."

"ఉన్నాయి. ఎవరూ చింపలేదు. ఇంట్లో చదువుకోండి. గురువారం బృందంలో చదవండి, నేనూ వచ్చి కూర్చుంటాను. కానీ పూజలో చదివేది మీరు కాదండీ. శ్రీసభ మీ గొంతుతో చదువుతోంది. ఇదే భాగం ఇవాళ ఎక్కడెక్కడో మనకు తెలియని భాషల్లో ఇంతే చదివారు. వాళ్ళందరితో కలిసి నడుస్తున్నప్పుడు మీరొక్కరే ఆగిపోతే ఎలా?"

మా బావ తల వంచుకున్నాడు. దీనికి ఆయన దగ్గర సిమెంటు లేదు.

"ఇంకొక్కసారి ఇలా చేస్తే మిమ్మల్ని పీఠం ఎక్కనివ్వలేను. నాకూ కష్టంగానే ఉంటుంది."

"ఇంకెప్పుడూ చెయ్యను ఫాదర్." గుమ్మందాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఫాదర్, ఆ ఎడమపక్కవాళ్ళలో ఒక పేరు సరిగ్గా పలికానంటారా?"

మాట మీద ఆయన నిలబడ్డాడు. ఆ తరువాత పూజలో అచ్చులో ఉన్నంతే చదివేవాడు. కామా దగ్గరకు వచ్చినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి, ఆ ఖాళీలో ఉండిపోయినవాళ్ళకు చప్పుడు లేకుండా నమస్కారం పెట్టినట్టు చిన్నగా తల వంచేవాడు.

ఆయన ఆకలంతా గురువారాలకు మళ్ళింది. గుడి వెనక గదిలో, ప్లాస్టిక్ కుర్చీల్లో, ఒక రెక్క వంగిన ఫ్యాను కింద, రాబోయే ఆదివారం పఠనాలను ముందుగా చదువుకునే బృందం ఒకటి ఉంది. ఫాదరుగారు నేర్పిన పద్ధతి ఇది. ముందు అది ఎలాంటి రచనో చూడాలి: చరిత్రా, పాటా, ఉత్తరమా, కథా? రాసినవాడు తన కాలంవాళ్ళకు ఏం చెప్పదలిచాడో అడగాలి. ఆ ముక్క గ్రంథం మొత్తంలో ఎక్కడ ఇముడుతుందో, తరతరాల విశ్వాసులు అందులో ఏం విన్నారో చూడాలి. ఇదంతా అయ్యాకగాని ఇవాళ మనకేం చెబుతోందన్న ప్రశ్నకు రాకూడదు. నేను దేవుడి విషయంలో ఇంకా తేల్చుకోని మనిషినే అయినా, ఈ పద్ధతికి మర్యాద ఇచ్చి వెనక కుర్చీలో కూర్చునేవాణ్ణి. ఎదుటివాడి మాట పూర్తిగా విన్నాకే మన మాట మొదలుపెట్టడమన్నది ఏ శాస్త్రంలోనైనా కష్టమైన పనే.

బృందంలో అందరికంటే కష్టంగా తోచింది బస్సు డిపోలో పనిచేసే గుమాస్తాగారికి. ఆయన పద్ధతి వేరు. కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి, వేలు ఎక్కడ పడితే అక్కడున్న వచనాన్ని ఆజ్ఞగా తీసుకుంటాడు. స్కూటరు కొనాలా వద్దా అని అలా వేలు పెడితే, గుర్రాన్ని నమ్ముకుంటే ప్రయోజనం లేదన్న మాట వచ్చింది. బేరం మానుకున్నాడు.

"దాటొద్దండీ!" అన్నాడు మా బావ. "పైనా కిందా చదవండి. అది యుద్ధానికెళ్ళే రాజు గురించి. స్కూటరు గురించి కాదు."

గుమాస్తాగారు ఒప్పుకుని స్కూటరు కొన్నాడు. కొన్న వారానికే కిందపడి ముందుపన్ను పోగొట్టుకుని, నోటికి రుమాలు అడ్డంపెట్టుకుని మా బావ పనిగదికి వచ్చాడు. "చూశారా? వచనం నిజమైంది!"

"వచనం నిజమేనండీ. మీరు మాత్రం మీ తోడల్లుడు కనబడ్డాడని రెండు చేతులూ ఎత్తి ఊపారు. పడడానికి ముందు భాగం అది. దాన్ని దాటేస్తే ఎలా?" అంటూనే మా బావ ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మిగతా పళ్ళ రంగుకు సరిపోయే పన్ను వెతకడం మొదలుపెట్టాడు.

ఇంకో గురువారం, ఆదివారం పఠనాలు ముందుగానే అయిపోయి, బైబిల్లోని తోబీతు గ్రంథం చదువుతున్నారు. అందులో కుర్రవాడు దూరప్రయాణానికి బయలుదేరితే ఇంటి కుక్క కూడా వెంట వెళుతుంది. అది ఏమీ చెయ్యదు. అరవదు, కరవదు, ఎవర్నీ కాపాడదు. అందరూ దాన్ని వదిలేసి, ఆ కుర్రవాడికి తోడు వెళ్ళిన దేవదూత గురించి మాట్లాడుతుంటే మా బావ ఆపాడు. "కుక్కను దాటేశారు."

"బావా, ఆ కుక్క కథలో ఏమీ చెయ్యదు కదా" అన్నాను.

"ఎందుకు చెయ్యదు? వెంట వెళ్ళింది. రాసినవాడికి అది కనిపించింది. నీకెందుకు కనిపించదు?"

నేను పుట వెనక్కి తిప్పి, కుక్క ఉన్న వాక్యాన్ని వెతుక్కున్నాను.

ఆ బృందంలో అందరికంటే తక్కువ మాట్లాడేది పాటల టీచరుగారు. పిల్లలకు సంగీతం చెప్పి బతికే మనిషి. గుడిలో ఆర్గను వాయించేదీ, గాయక బృందాన్ని నడిపేదీ ఆమే. ఆ ఆర్గనును బాగుచేస్తూ వచ్చింది ఆమె భర్త. ఆమె వాయిస్తుంటే ఆయన చివరి బెంచీలో కూర్చుని, ఎక్కడైనా శబ్దం తప్పితే వేలెత్తి చూపేవాడు. ఆ ఏడాది ఆయన జబ్బుపడ్డాడు. విచారణ అంతా ప్రార్థించింది. ఆయన పోయాడు.

ఆ తరువాత ఆమె మీద వచనాల వాన మొదలైంది. గుడిమెట్ల మీద ఒకరు, కూరగాయల దుకాణం దగ్గర ఒకరు, ఫోనులో ఒకరు. అన్నీ మంచి వచనాలే, అందరూ మంచి మనసుతో చెప్పినవే. ఆమె తల ఊపేది. ఆర్గను వాయిస్తూనే ఉంది గాని, నోరు తెరిచి పాడడం మానేసింది. ఆమె పెదవులు కదలడంలేదని గాయక బృందం అంతా చూసింది. చూడనట్టు నటించింది కూడా.

ఒక గురువారం, రాబోయే ఆదివారానికి ఎనభైతొమ్మిదో కీర్తన వచ్చింది. మొదటి పఠనం అయ్యాక కీర్తనను ఒకరు పాడితే, నడుమనడుమ జనం ఒక పల్లవిని తిరిగి అందుకుంటారు. ఆ వారం పల్లవి, ప్రభువు కృపను కలకాలం పాడుతూ ఉంటానని. కీర్తన పాడవలసింది టీచరుగారే. ఆమె కూర్చోకుండా నేరుగా ఫాదరుగారి దగ్గరకు వెళ్ళి, ఆర్గను తాళంచెవి బల్లమీద పెట్టింది.

"ఇది మీ దగ్గర ఉంచండి ఫాదర్. ఈ ఆదివారం నుంచి నేను రాను."

"ఏమైందమ్మా?"

"కలకాలం పాడతానని జనం ముందు నిలబడి ఎలా పాడమంటారు? నోట్లోంచి రాదు. వచ్చినా అది అబద్ధం. గుడిలో అబద్ధం పాడడం నా వల్ల కాదు."

గుమాస్తాగారు కుర్చీ ముందుకు జరిపాడు. "అమ్మా, ఒక మంచి వచనం ఉంది..."

"అన్నయ్యా, మీ వచనాలన్నీ నాకొచ్చు. సగానికి బాణీ కట్టింది నేనే."

గుమాస్తాగారు కొత్త పన్నుతో సహా నోరు మూసుకున్నాడు.

"పోనీ ఈ ఆదివారానికి వాయించు చాలు, పాడొద్దు" అంది మా అక్క మెల్లగా.

"ఎవరి కోసం వాయించను వదినా? తప్పు వాయించినా చెప్పే మనిషి లేడు."

ఆమె వెళితే మళ్ళీ రాదని ఆ గదిలో అందరికీ అర్థమైంది. గుడికి ఆర్గను వాయించే మనిషి ఎలాగో దొరుకుతుంది. ఆమెకు మాత్రం ఆదివారం ఉదయం వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. ఫాదరుగారు తాళంచెవిని ముట్టుకోలేదు. తగిన మాట దొరకనప్పుడు తగని మాట అనకుండా ఉండగల చదువు ఆయనది.

"దాటొద్దు" అంది ఒక గొంతు.

మా అక్క ఆయన చెయ్యి గట్టిగా గిల్లింది. "మీకు ఇదా సమయం!"

గిల్లినచోట రుద్దుకుంటూ మా బావ లేచి నిలబడ్డాడు. "అమ్మా, తాళంచెవి ఇస్తే ఇచ్చారు. వెళ్ళేముందు కీర్తన మొత్తం ఒక్కసారి వినండి. పఠన గ్రంథంలో అంకెలు చూడండి, చాలా దాటేశారు."

"తెలుసు దాటొద్దుగారూ. పొడుగు కీర్తన. పాడేవాళ్ళకు ఆ ముక్క చాలు."

"చాలదమ్మా. సగం నోటికి అచ్చు తీసి పంపి పళ్ళు కట్టమంటే నేను కట్టలేను."

ఆమె నిట్టూర్చి గుమ్మం పక్కనున్న కుర్చీ అంచున కూర్చుంది. "కానివ్వండి. చదవకుండా ఇక్కణ్ణుంచి ఎవర్నీ వెళ్ళనివ్వరుగా మీరు."

మా బావ ఫాదరుగారి వైపు చూశాడు. ఫాదరుగారు తల ఊపారు.

ఆయన చదవడం మొదలుపెట్టాడు. నా బైబిలు ఇంట్లో మరిచిపోయినందువల్ల నేను పక్కన కూర్చుని ఆయన పుస్తకంలోకే చూస్తున్నాను. మొదట కృపను గురించిన పాట, తరువాత సముద్రం, కొండలు, ఆకాశం. తరువాత రాజుకు దేవుడు ఇచ్చిన మాట: నీ వంశం సూర్యచంద్రులున్నంతకాలం ఉంటుందని. గుమాస్తాగారు ఆవులింతను రుమాలులోకి మళ్ళించాడు. మా అక్క గోడ గడియారం చూసింది. టీచరుగారు చెప్పుల్లో కాళ్ళు సర్దుకుంది. మా బావ ఏ కొండనూ దాటలేదు, ఏ కెరటాన్నీ దాటలేదు.

అంతలో కీర్తన మలుపు తిరిగింది. ఆ పాడినవాడే, అదే నోటితో, దేవుడి మీద తిరగబడ్డాడు. ఇన్ని మాటలిచ్చి ఇప్పుడు నువ్వే తోసేశావన్నాడు. ఒప్పందాన్ని కాలదన్నావన్నాడు. గోడలు కూల్చావు, దారినపోయేవాళ్ళంతా దోచుకుంటుంటే చూశావు, యౌవనాన్ని మధ్యలోనే తెంచావన్నాడు. మా బావ గొంతు పెంచలేదు, తగ్గించలేదు. ఎజ్రా పక్కన నిలబడినవాళ్ళ పేర్లు చదివిన గొంతుతోనే చదివాడు.

"ఆగండి" అంది టీచరుగారు. "ఇది ఏ కీర్తన?"

"అదేనమ్మా."

"నేను పాడాల్సిందేనా?"

"మీరు పాడాల్సిందే."

"దేవుణ్ణి పట్టుకుని, మాట తప్పావంటున్నాడు!"

"అంటున్నాడు."

"ఎవరూ ఆపలేదా ఆయన్ని?"

ఈసారి జవాబు చెప్పింది ఫాదరుగారు. "ఆపలేదమ్మా. రాసి పెట్టుకున్నారు. తరతరాలుగా ప్రార్థన అనే పిలుస్తున్నారు. మన ప్రభువు కూడా సిలువ మీద ఒక కీర్తనలోంచి ఇలాంటి ప్రశ్నే అడిగారు."

"ఇన్నేళ్ళూ నేను దీన్ని సగమే పాడాను."

"ఆదివారానికి మేమిచ్చింది సగమే. రెండో సగాన్ని ఇలాంటి గదిలో కూర్చుని మీతో చదవాల్సింది నేను. ఇవాళ్టిదాకా చదవలేదు."

టీచరుగారు కుర్చీలో వెనక్కి జరిగి, పూర్తిగా కూర్చుంది. "మలుపు దగ్గర్నుంచి మళ్ళీ చదవండి. కాస్త నెమ్మదిగా."

ఆయన మళ్ళీ చదివాడు. ఎంతకాలం ఇలా దాగి ఉంటావని అడిగేచోటు వచ్చింది. నా బతుకెంత చిన్నదో గుర్తుచేసుకోమనే చోటు వచ్చింది. ఆ పాత కృప ఎక్కడికి పోయిందని, ఇచ్చిన మాట ఏమైందని నిలదీసే చోటు వచ్చింది. టీచరుగారి పెదవులు కదులుతున్నాయి. శబ్దం లేదు, కదలిక మాత్రం ఉంది.

ఆ ప్రశ్నలన్నీ అయ్యాక పుటలో ఇంకొక్క వచనం మిగిలి ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది: ప్రభువుకు కలకాలం స్తుతి, ఆమెన్, ఆమెన్ అని. మా బావ దాని దగ్గరకు వచ్చి ఆగాడు. ఒకసారి దాన్ని చూశాడు. ఒకసారి తలెత్తి గుమ్మం పక్క కుర్చీవైపు చూశాడు. పుస్తకం మూసేశాడు.

ముగింపు కోసం సిద్ధంగా ఉన్న గుమాస్తాగారు "ఆ..." దాకా వచ్చి, ఎవరూ అందుకోకపోవడంతో దాన్ని దగ్గుగా మార్చుకున్నాడు. మా అక్క భర్త మొహంలోకి చూసింది, జ్వరమేమైనా వచ్చిందా అన్నట్టు.

చివరికి టీచరుగారు లేచింది. కళ్ళజోడు తుడుచుకుని, బల్ల దగ్గరకు వెళ్ళి తాళంచెవి తీసుకుంది. "ఆదివారం పాడతాను ఫాదర్. ఆ పల్లవి మొదలెట్టినవాడే ఇంత మాటా అన్నాడంటే, నేను పాడినా అబద్ధం కాదు. కానీ నవ్వుతూ పాడమని మాత్రం నాకెవరూ చెప్పకండి."

"ఎవరైనా చెబితే నాకు చెప్పు. వాళ్ళ సంగతి నేను చూస్తాను" అంది మా అక్క.

అందరూ వెళ్ళాక కుర్చీలు ఒకదాంట్లో ఒకటి పెడుతూ ఫాదరుగారు అడిగారు. "దాటొద్దుగారూ, ఒక వచనం మిగిలింది."

"చూశాను ఫాదర్."

"అది నిజానికి ఆ కీర్తనలోది కాదంటారు. కీర్తనల్లో ఒక భాగం అక్కడితో పూర్తయిందని, వాటిని కూర్చినవాళ్ళు పెట్టిన స్తుతి."

"కింద చిన్న అక్షరాల్లో వేశారు ఫాదర్, చదివాను."

"అందుకేనా ఆపేశారు?"

"అందుకు కాదు." మా బావ చేతిలో ఉన్న కుర్చీని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు పట్టుకున్నాడు. "ఆవిడ ఇంకా దాని ముందు వచనంలోనే ఉంది కదా ఫాదర్. ఆవిణ్ణి అక్కడ వదిలేసి నేను దాటి వెళ్ళిపోతే ఎలా?"

ఫాదరుగారు ఆయన చేతిలోంచి కుర్చీ తీసుకుని మిగతావాటిమీద పెట్టారు. గుమ్మంలో నిలబడి వింటున్న మా అక్క మాత్రం ఊరుకోలేదు. "అయితే ఈయనకు ఆపడం వచ్చన్నమాట! పెళ్ళయినప్పట్నుంచీ నా దగ్గర దాచారు."

ఆ ఆదివారం మా బావ మొదటి పఠనాన్ని అచ్చులో ఉన్నంతవరకే చదివి దిగాడు. టీచరుగారు కీర్తన పాడింది, నవ్వకుండా. జనం పల్లవి అందుకున్నారు. తరువాతి గురువారం గుమాస్తాగారు ఆ మిగిలిపోయిన వచనం సంగతి ఎత్తితే, మా బావ పుస్తకం తెరవలేదు. ఆవిడ అడిగిన రోజున చదువుతానన్నాడు. అడిగేదాకా దాన్ని చదవకుండా ఉంచాడు.